రాగి చేల మీదుగా ఏనుగుల బాట

కార్తికం గడచి మార్గశిరం ప్రవేశించే నాటికి హొసూరు, డెంకణికోట తాలూకాలలో రాగి కంకులు గింజ గట్టిపడి తల వంచుతాయి. ఆ రోజులలోనే కర్ణాటకలోని బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల గుంపులు తళి, జవళగిరి మీదుగా తూర్పు దారి పడతాయి. పల్లెలలోని పెద్దలు ఈ రాకను పంచాంగం చూడకుండానే చెప్పగలరు. ఏ చెరువు కట్ట దిగి, ఏ గుట్ట పక్కగా తిరిగి, ఎవరి చేను అంచున నిలుస్తాయో కూడా వారికి ఎరుకే.

బెంగళూరు మహానగరపు దక్షిణ అంచున మొదలై, కావేరి లోయను తాకి, కృష్ణగిరి జిల్లా గుట్టల నడుమ సాగి, చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యం దాకా వ్యాపించిన ఈ పచ్చని పట్టీకి ఏ పటంలోనూ ఒకే పేరు లేదు. మూడు రాష్ట్రాల అటవీ శాఖలు తమ తమ ముక్కలకు తమ తమ పేర్లు పెట్టుకున్నాయి. తళి నుంచి శూలగిరి దాకా, వేపనపల్లి నుంచి కుప్పం దాకా ఈ దారి పొడవునా ఎన్నో పల్లెలలో ఇంటి భాష తెలుగు. చేలు తొక్కుడుపడిన రైతులలోనూ, రాత్రుళ్లు మంచె మీద కాపలా కాసినవారిలోనూ ఈ భాష మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. కనుక ఇది సరిహద్దు తెలుగువారికి దూరపు వార్త కాదు.

వనసంరక్షణ అనగానే పటం మీద ఆకుపచ్చ రంగు పూసిన భాగమే మనసులో మెదలుతుంది. ఈ పట్టీలో ఆ రంగు ముక్కలు ముక్కలుగా ఉంది. ముక్కను ముక్కతో కలుపుతున్నది రాగి చేను, అనుముల సాలు, చింతతోపు, చెరువు, బీడు. వనాన్ని ఎంత భద్రంగా కాపాడినా నడుమనున్న చేలు పోతే బాట తెగిపోతుంది. రైతు నిలవనిదే చేలు నిలవవు. ఈ సంగతిని విధానాలు రచించేవారు తగినంతగా లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు.

వనాల వరుస

బాటకు పడమటి కొస బన్నేరుఘట్ట జాతీయ వనం. 1974లో ఏర్పడిన ఈ వనం నేడు 260.51 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉంది. ఉత్తర దక్షిణాలుగా పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. కొన్నిచోట్ల చీమ నడుములా సన్నగిల్లుతుంది. ఉత్తర, దక్షిణ భాగాలను కలిపే కరడికల్–మాదేశ్వర అనే ఇరుకు మార్గం దేశంలోని ఏనుగుల కారిడార్ల జాబితాలలో చోటుచేసుకున్నది ఇందువల్లనే. దక్షిణాన ఈ వనం కర్ణాటక కావేరి వన్యప్రాణి అభయారణ్యంతో కలుస్తుంది. 1987లో ఏర్పడిన ఆ అభయారణ్యాన్ని తరువాత వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించారు.

నదికి ఈవల తమిళనాడు ప్రభుత్వం 2014లో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో 504.33 చదరపు కిలోమీటర్లను కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించింది. 2022 నవంబరులో మరో 686.40 చదరపు కిలోమీటర్లతో కావేరి దక్షిణ అభయారణ్యం దానికి తోడైంది. దీనితో మాదేశ్వర కొండలు, బిళిగిరిరంగన కొండలు, సత్యమంగళం అడవుల దాకా, అక్కడి నుంచి నీలగిరుల దాకా ఏనుగుకు చట్టరక్షణ గల దారి ఏర్పడింది. నది ఒడ్డున తెల్లమద్ది చెట్లు, పైన గుట్టల మీద వెదురు, చిరుమాను, శ్రీగంధం. ఇది బాటకు వెన్నెముక.

చిక్కంతా తూర్పున ఉంది. జవళగిరి దాటిన తరువాత నోగనూరు, ఉద్దేదుర్గం, సానమావు, శూలగిరి, మహారాజగడ ప్రాంతాలలో మిగిలినవి చేల నడుమ గుట్టలను అంటిపెట్టుకున్న చిన్న చిన్న రిజర్వు అడవులు. పగలు ఆ గుట్ట మీద నిలిచి, రాత్రి చేలు దాటి మరో గుట్ట చేరడం ఏనుగుల పద్ధతి. సానమావు దగ్గర అవి బెంగళూరు–చెన్నై జాతీయ రహదారిని దాటవలసి ఉంటుంది. రేయింబవళ్లు లారీలు ఆగని ఆ రోడ్డు మీద, అటవీ సిబ్బంది వాహనాలను నిలిపివేసి గుంపును దాటించిన రాత్రులు హొసూరువాసులకు కొత్త కావు.

తూర్పు కొసన ఉన్న కౌండిన్య కథ వేరు. ఆంధ్ర ప్రాంతంలో సుమారు రెండు శతాబ్దాల పాటు అడవి ఏనుగు లేదు. 1980వ దశకం తొలి సంవత్సరాలలో కరవు, అడవుల క్షీణత కారణంగా హొసూరు, ధర్మపురి అడవుల నుంచి కొన్ని గుంపులు కుప్పం, పలమనేరు వైపు వచ్చి అక్కడే నిలిచిపోయాయి. వాటి కోసమే 1990లో 357.6 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అంటే ముందు ఏనుగు వచ్చింది, తరువాత అభయారణ్యం వచ్చింది. బాట తనంతట తాను పొడిగించుకున్న భాగమిది. అప్పటిదాకా ఏనుగును గుడి ముంగిట తప్ప చూడని రామకుప్పం, శాంతిపురం, బైరెడ్డిపల్లె రైతులు ఒక్కసారిగా దానితో కాపురం చేయవలసి వచ్చింది. తళి రైతుకు తరతరాలుగా అబ్బిన నేర్పు వారికి అప్పటికి లేదు.

రాగి మీద మక్కువ

పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీరు కావాలి. వానలు వెనుకపట్టిన తరువాత అడవిలోని గడ్డి ముదిరి పీచుగా మారుతుంది. అదే వేళకు చేలో రాగి పాలుపోసుకుని గింజ కడుతుంది. భారత విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్య రామన్ సుకుమార్ 1980వ దశకంలో కావేరికి ఆవలి కొండలలో జరిపిన అధ్యయనాలలో, రాగి వంటి పంటలలో మాంసకృత్తులు, సున్నం, ఉప్పు అడవి గడ్డిలో కంటే ఎక్కువగా ఉన్నాయని తేలింది. గుంపులలోని ఆడ ఏనుగుల కంటే ఒంటరి మగ ఏనుగులే అనేక రెట్లు ఎక్కువగా చేలలో పడతాయని కూడా ఆయన చూపారు. మగ ఏనుగుకు బలమైన దేహం ఉంటేనే సంతానం. అందుకై అది ప్రమాదానికి వెరవదు. రైతు ఒంటరి కొమ్ము ఏనుగుకు గుంపు కంటే ఎక్కువగా భయపడడంలోని తర్కాన్ని ఈ శాస్త్రం బలపరుస్తున్నది.

పత్రికలలో ‘గజరాజుల దాడి’ అనే శీర్షిక పరిపాటి అయింది. నడిచే దారిలో మేలైన మేత కనిపించి నిలిచిన జంతువుకు ఆ మాట అంతగా అతకదు. రైతు నష్టం చూస్తే మాత్రం ఆ మాటే తేలికగా తోస్తుంది. నాలుగు నెలలు పెంచిన చేను నాలుగు గంటలలో మట్టి పాలవుతుంది. తిన్నదాని కంటే తొక్కినది ఎక్కువ. గింజ పోవడంతో పాటు రాగి గడ్డి కూడా పోతుంది. పాడి మీద బతికే ఇంటికి గడ్డి పోవడం గింజ పోవడం కంటే తక్కువ దెబ్బేమీ కాదు.

అందువల్లనే కంకి గింజకట్టిన నాటి నుంచి కుప్ప వేసేదాకా ఇంటికొకరు చొప్పున మంచె ఎక్కుతారు. టార్చిలైటు, టపాకాయలు, డప్పు, చలిమంట ఇవే ఆయుధాలు. తళి చలి ఎముకలు కొరికే చలి; ఆంగ్లేయులు ఈ ఊరిని ‘చిన్న ఇంగ్లాండు’ అని పిలిచింది ఈ చలిని చూసే. నెల రోజుల నిద్ర కాపుతో పాటు పోతుంది. పగలు కూలికి వెళ్లే శక్తి ఉండదు. ఈ నష్టానికి ఏ నష్టపరిహార పత్రంలోనూ గడి లేదు.

కంచెలు, కందకాలు, తీగలు

ప్రభుత్వాలు ఊరకున్నాయని అనలేము. కందకాలు తవ్వారు, సౌర కంచెలు వేశారు, కర్ణాటకలో పాత రైలు పట్టాలతో అడ్డుకట్టలు నిర్మించారు, జవళగిరి వైపు ఉక్కు తాళ్ల కంచెలు లేచాయి. ఒక్కొక్కటి కొంతకాలం పనిచేసింది. వానకు కందకం గట్లు విరిగి పూడుతుంది. రాతి నేల వచ్చినచోట అసలు తెగనే తెగదు. సౌర కంచె మీద చెట్టు కొమ్మ విరిచి పడవేయడం ఏనుగు త్వరలోనే నేర్చుకుంటుంది. దంతానికి విద్యుత్తు పారదని గ్రహించి దంతాలతోనే తీగను తెంపే ఏనుగులూ ఉన్నాయి.

వీటన్నిటి కంటే పెద్ద చిక్కు మరొకటి కలదు. ఒక ఊరు గట్టి కంచె వేసుకుంటే గుంపు పక్క ఊరిలో దిగుతుంది. ఒక తాలూకా తరిమితే మరో తాలూకా, ఒక రాష్ట్రం తరిమితే మరో రాష్ట్రం. కొన్నేళ్లుగా సరిహద్దు పల్లెలవారు ఒకరినొకరు నిందించుకోవడం పరిపాటి అయింది: ‘మీవాళ్లు తోలితేనే మా మీద పడ్డాయి.’ తరిమిన కొద్దీ గుంపు చెదరి, పిల్లలు వేరుపడి, తల్లులు బెదరి, మనుషుల ప్రాణాలకు మరింత ముప్పు వాటిల్లుతున్నది. 2024 సెప్టెంబరులో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఈ విషయమై ఒప్పందం చేసుకున్నాయి. 2025 మేలో కర్ణాటక ఇచ్చిన కుంకీ ఏనుగులు పలమనేరు దగ్గరి శిబిరానికి చేరాయి. ఊరిలో చొరబడిన ఏనుగును వెనుకకు మళ్లించడానికి కుంకీ మంచి సాధనమే. మళ్లిన ఏనుగు నడిచిపోవడానికి దారి ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకు మాత్రం కుంకీ వద్ద జవాబు లేదు.

విసిగిన రైతు కరెంటు తీగకు చేయి చాపినప్పుడు ఏమవుతుందో 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి సమీపంలో లోకమంతా చూచింది. చేను చుట్టూ అక్రమంగా పెట్టిన విద్యుత్తు తీగ తగిలి మూడు ఏనుగులు ఒకేచోట కూలాయి. వెంట ఉన్న రెండు పిల్లలు మాత్రం బతికి బయటపడ్డాయి. ఆ తీగ చట్టరీత్యా నేరం. అది ఏనుగును చంపినట్టే రాత్రి నీరు పెట్టడానికి వెళ్లిన పక్క పొలం మనిషినీ చంపుతుంది. అదే నెలలో అదే జిల్లాలో మరో ఏనుగు కిందికి వేలాడుతున్న విద్యుత్తు లైను తగిలి చనిపోయింది. అక్కడ రైతు తప్పు లేదు. తీగలను తగిన ఎత్తున బిగించి కట్టడం కంచెల కంటే ఎంతో చవకైన పని. ఈ సంగతి మీద జరగవలసినంత చర్చ జరగడం లేదు.

చేను లేఅవుటుగా మారితే

హొసూరు ఇప్పుడు చిన్న పట్టణం కాదు. 2019లో నగరపాలక సంస్థగా మారింది. పారిశ్రామిక వాడలు, వాటి వెంట కార్మికుల కాలనీలు, వాటి వెంట ఇంటి స్థలాల లేఅవుట్లు కేలమంగళం, శూలగిరి, బాగలూరు దారుల పొడవునా వ్యాపించాయి. 2 వేల ఎకరాలలో విమానాశ్రయం నిర్మిస్తామని తమిళనాడు ప్రభుత్వం 2024 జూన్‌లో శాసనసభలో ప్రకటించింది. ఈ పరిశ్రమలు సరిహద్దు యువతకు జీవనాధారం. వాటిని వద్దనడం ఎవరి తరమూ కాదు, న్యాయమూ కాదు. ఏ గుట్టకూ ఏ గుట్టకూ నడుమ కట్టడం లేవకూడదో ముందుగా గుర్తించి పటం మీద గీయకపోవడమే లోపం. గీత గీయడానికి ఖర్చు స్వల్పం. కట్టిన తరువాత పడగొట్టడానికి ఖర్చు అపారం, కష్టం అంతకు మించి.

రాగి చేను గుండా ఏనుగు నడిచిపోగలదు. చేను యజమానికి నష్టం కలుగుతుంది, బాట మాత్రం నిలుస్తుంది. అదే చేను చుట్టూ ప్రహరీ లేచి, లోపల ఇళ్లు వెలసిన నాడు బాట తెగుతుంది. తెగినచోట ఏనుగు ఊరి వీధిలో తేలుతుంది. గ్రానైటు క్వారీ తవ్విన గుట్టకూ ఇదే గతి. పగటిపూట తలదాచుకునే గుట్ట పోతే గుంపు చెరకు తోటలోనో అరటి తోటలోనో తలదాచుకుంటుంది.

బన్నేరుఘట్ట వైపు జరిగినది ఒక పాఠం. జాతీయ వనం చుట్టూ పర్యావరణ సున్నిత మండలంగా 2016 నాటి ముసాయిదా 268.96 చదరపు కిలోమీటర్లను సూచించింది. 2020 మార్చిలో వెలువడిన తుది ప్రకటనలో అది 168.84కు తగ్గింది. సరిగ్గా వంద చదరపు కిలోమీటర్ల పైచిలుకు కోత. వనం హద్దు ఒక్క అంగుళమైనా కదలలేదు. అయినా ఏనుగు నడకకు ఆసరాగా ఉన్న చేలూ బీళ్లూ రక్షణ వలయం వెలుపల పడిపోయాయి.

చట్టం చేతగానిది కాదు. నీలగిరి జిల్లా సీగూరు పీఠభూమిలో ఏనుగుల కారిడారును గుర్తిస్తూ ప్రభుత్వం చేసిన ప్రకటనను, 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. పట్టా భూమి ద్వారా దారి కాపాడే మార్గం కూడా లేకపోలేదు. కొళ్లేగాల ప్రాంతంలో ఎడయారహళ్లి–దొడ్డసంపిగె కారిడారులో ఒక స్వచ్ఛంద సంస్థ సుమారు 25 ఎకరాలను రైతుల నుంచి ధర చెల్లించి కొని అటవీ శాఖకు అప్పగించింది. హొసూరు ధరలకు ఆ పద్ధతి అంతటా సాగదు. భూమి రైతు చేతిలోనే ఉండి, ఆ భూమిని సాగుగా ఉంచినందుకు ఏటా కొంత సొమ్ము చెల్లించే పద్ధతే ఇక్కడికి తగినది. చేను చేనుగా ఉన్నందువల్ల లోకానికి మేలు కలుగుతున్నప్పుడు, ఆ మేలు ఖరీదును ఒక్క రైతే భరించడం ఏ న్యాయం?

ప్రస్తుత పరిహార విధానంలో ప్రాణనష్టానికి ఇచ్చే మొత్తాన్ని కేంద్రం 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. పంట నష్టపు లెక్క మాత్రం ఇంకా భూమి పత్రం చుట్టూనే తిరుగుతున్నది. మాటమీద కౌలు చేసేవాడు, అన్నదమ్ముల పేరు మీద పట్టా విడిపోనివాడు, బంజరు సాగు చేసేవాడు దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నాడు. మంచె మీద రాత్రి గడిపినది ఎవరో ఊరంతటికీ తెలుసు, కాగితానికి తెలియదు.

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన పని ఒకటి వాల్పారై తేయాకు తోటలలో జరిగింది. గుంపు ఎక్కడున్నదో సాయంత్రమే చుట్టుపక్కలవారి ఫోన్లకు సందేశం పంపడం, మలుపుల దగ్గర ఎర్ర దీపాలు వెలిగించడం అక్కడ ప్రాణనష్టాన్ని తగ్గించాయి. ఈ పట్టీలో అటువంటి సందేశం తమిళంలోనూ కన్నడంలోనూ తెలుగులోనూ అందాలి. ఒక రాష్ట్రపు గస్తీ కబురు మరో రాష్ట్రపు పల్లెకు గంటలోపు చేరే ఏర్పాటు కావాలి.

చూడవచ్చేవారికి

ఈ అడవులకు పేరు తెచ్చినవారిలో కెన్నెత్ ఆండర్సన్ ఒకరు. 1954లో వెలువడిన ఆయన తొలి గ్రంథంలో జవళగిరి, గుమ్మళాపురం కథలున్నాయి. డెంకణికోట, అంచెట్టి దారులను ఆ పుస్తకాలు చదివి వెతుక్కుంటూ వచ్చేవారు నేటికీ ఉన్నారు. తరువాతి కాలంలో కావేరి ఇరుదరులూ వీరప్పన్ భయంతో మూతబడ్డాయి. 2004 అక్టోబరులో ఆ అధ్యాయం ముగిశాక దారులు తెరుచుకున్నాయి. వాటితో పాటే విడిది గృహాల వ్యాపారమూ ప్రవేశించింది.

బన్నేరుఘట్టలో సఫారీ వాహనం ఎక్కి చూసేది జంతు ప్రదర్శనశాల, దానిని అంటిన ఆవరణ మాత్రమే. అసలు అడవి దానికి ఆవల ఉంది. రిజర్వు అడవిలో అనుమతి లేక అడుగు పెట్టడం నేరం, ప్రమాదం కూడా. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు 20 మందికి పైగా యాత్రికులను బలిగొన్నది. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో 40 నడక దారులను మార్గదర్శకుల వెంట మాత్రమే వెళ్లేలా ప్రారంభించింది. కృష్ణగిరి జిల్లాలోని అయ్యూరు, బెట్టముగిలాళం వైపు దారులు కూడా ఆ వరుసలో చేరాయి. స్థానిక గిరిజన యువకులు దారి చూపితే వారికి నాలుగు రూకలు, వచ్చినవారికి నాలుగు చెట్ల పేర్లు దక్కుతాయి.

అడవిలోకి వెళ్లకనే ఈ పట్టీని ఆస్వాదించేవారు అదృష్టవంతులు. హొగెనకల్ దగ్గర పుట్టి ఎక్కి కావేరిని చూడవచ్చు. పలమనేరు, కుప్పం నడుమ కైగల్ జలపాతం ఉంది. డెంకణికోటలో వేటగాని రూపున వెలసిన బేటరాయస్వామి కోవెల ఉంది. వేట దేవునికి వన్యమృగాల నడుమ కొలువు కుదరడం ఉచితమే. డిసెంబరు ఉదయం మంచు విడవకముందు తళి దగ్గర ఏ చెరువు కట్ట మీద నిలిచినా, కోసిన రాగి పనల పసుపు, నిలిచిన అనుముల పచ్చదనం, ఆవల నీలి గుట్ట ఒకే చూపులో అందుతాయి. మంచుకు అనుముల కాయ మీద జిడ్డు పట్టి వచ్చే వాసన మరి ఏ నేలలోనూ దొరకదు. ఆ కాయను నానబెట్టి పొట్టు తీసి వండిన పితికిపప్పుతో వేడి రాగి సంగటి తిన్నవారికి, ఏనుగు ఎందుకు ఇంత దూరం నడిచి వస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. దారి పక్క రాగి పిండి, అనుములు, రాగి గడ్డి కొనడం ఈ బాటకు యాత్రికుడు చేయగల మొదటి మేలు. రోడ్డు మీద నూర్పిడికి పరచిన రాగి పనలను చూసి విసుగు పడకుండా నెమ్మదిగా వాహనం నడపడం రెండవది.

సాయంత్రం 6 దాటాక జవళగిరి, అంచెట్టి అటవీ రోడ్లలో ద్విచక్ర వాహనాల మీద తిరగరాదు. గుంపు రోడ్డు దాటుతుంటే దూరంగా ఆగి, దీపాలు తగ్గించి, హారన్ మోగించకుండా వేచి ఉండాలి. ముందు వెళ్లిన పెద్ద ఏనుగును చూసి దారి ఖాళీ అయిందనుకోరాదు; పిల్లలు వెనుకే ఉంటాయి. సెల్‌ఫోనుతో ఫొటో కోసం దగ్గరకు పోయినవారి గతి ఏటా పత్రికలలో చదువుతూనే ఉన్నాము.

సంక్రాంతి దాటి కళ్లం ఊడ్చేసిన తరువాత చేలలో మేత ఉండదు. గుంటలు ఎండనారంభిస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలలలో గుంపులు వచ్చిన దారినే మహారాజగడ, సానమావు, నోగనూరు మీదుగా పడమటికి మళ్లి, జవళగిరి దాటి కావేరి నీటి వైపు దిగుతాయి. అప్పుడు చేలు ఖాళీగా ఉంటాయి గనుక ఎవరూ వాటిని తరమరు. మంచెలు విప్పి వాసాలు ఇంటి చూరు కింద చేరుస్తారు. జూన్ వానలకు దుక్కి దున్ని మళ్లీ రాగి చల్లుతారు. లేదా ఆ ఏడు భూమి అమ్ముతారు.